అడ్డా కూలీ, క్యాంపు కూలీ: విజయవాడ–గుంటూరులో పని ఎవరికి దొరుకుతోంది, రక్షణ ఎవరికి అందుతోంది?

క్లుప్తంగా: బయటి రాష్ట్రాల కూలీలు వచ్చి పనులు పోయాయన్న మాట, పనికి మనుషులే దొరకడం లేదన్న మాట ఈ ప్రాంతంలో ఒకేసారి వినిపిస్తున్నాయి. రోడ్డు పక్క అడ్డా, పెద్ద సైట్ల దగ్గరి క్యాంపు అనే రెండు వేర్వేరు కూలి బజార్లు పక్కపక్కనే నడుస్తుండటంతో ఈ రెండు మాటలూ నిజమే అవుతున్నాయి. వలస ప్రభావం రోజు కూలి రేటు మీద కంటే నెలలో దొరికే పనిరోజుల మీద ఎక్కువగా పడుతోంది. కార్మిక చట్టాలు ఇచ్చే రక్షణ చాలావరకు యజమానికో, చిరునామాకో ముడిపడి ఉంటుంది. రోజుకో యజమాని మారే మనిషికి అది చేరదు. పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఈ లోటును కొంత పూడుస్తాయి. సొంత ఇళ్ల నిర్మాణంలో మాత్రం దాన్ని పెంచే ప్రమాదం ఉంది.

అమరావతి నిర్మాణం 2025 మే 2న మళ్లీ మొదలైంది. అప్పటి నుంచి తుళ్లూరు, వెలగపూడి, నేలపాడు వైపు రేకుల షెడ్ల క్యాంపులు మళ్లీ కనిపిస్తున్నాయి. విజయవాడ జంక్షన్‌లో సంఘమిత్ర, ధన్‌బాద్–అలెప్పీ, కోరమాండల్ రైళ్ల నుంచి బ్యాగులు, బకెట్లు, దుప్పటి మూటలతో దిగే కుర్రాళ్లలో కొందరు చెన్నై, కేరళ రైలు మారతారు, కొందరు ఇక్కడే ఆగిపోతారు. "వీళ్లొచ్చాక మాకు పనులు తగ్గాయి" అని అడ్డాల మీద కూలీలు అంటారు. "ఎంత ఇస్తామన్నా మనవాళ్లు రావడం లేదు" అని బిల్డర్లు, మిర్చి రైతులు అంటారు. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోవడం తేలిక. కానీ పని ఎలా చేతులు మారుతోందో చూస్తే లెక్క వేరుగా ఉంటుంది.

అడ్డా ఎలా నడుస్తుంది

అడ్డా అంటే పొద్దున ఆరింటికి మొదలై తొమ్మిదిన్నరకల్లా ముగిసిపోయే బజారు. అక్కడ బోర్డు ఉండదు. మనిషి చేతిలో ఉన్న పనిముట్టే అతని పని చెబుతుంది. సంచిలోంచి తాపీ పిడి, రసమట్టం కనిపిస్తే తాపీ మేస్త్రి. రంగు మరకల బకెట్‌లో బ్రష్షులు ఉంటే పెయింటర్. పార, గునపం పట్టుకున్నవాళ్లు మట్టిపనికి, పునాదులకు. ఏ పనిముట్టూ లేకుండా క్యారియర్ సంచితో మాత్రమే నిలబడినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, 'చేతికింద పని'కి వచ్చినవాళ్లు. ఇటుకలు అందించడం, మాలు కలపడం, తట్ట మోయడం వాళ్ల వంతు. ఏళ్ల తరబడి అదే పని చేసినా ఆడమనిషి చేతికి తాపీ రావడం అరుదు. మగవాళ్లతో పోలిస్తే ఆమెకు కూలి కూడా తక్కువ. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. అయితే ఆమె పనికి వేరే పేరు పెట్టినంతకాలం ఆ నిబంధన ఆమెకు ఉపయోగపడదు.

బైక్ మీద వచ్చిన మేస్త్రి ఆగగానే పదిమంది చుట్టూ మూగుతారు. ఎక్కడ, ఏం పని, ఎన్ని రోజులు, టీ టిఫిన్ ఎవరిది, తిరుగు ఛార్జీలు ఇస్తారా అని అడిగి నిమిషంలో బేరం తేల్చుకుంటారు. ఏడింటికి చెప్పిన రేటు తొమ్మిదింటికి నిలవదు. కూరగాయలైతే మిగిలినవి రేపు అమ్ముకోవచ్చు, మిగిలిపోయిన పనిరోజును రేపు అమ్మలేరు. అందుకే ఆలస్యమయ్యేకొద్దీ బేరం కూలీ చేయి జారిపోతుంది. తొమ్మిదిన్నర దాటాక వచ్చే యజమానికి ఈ సంగతి తెలుసు.

అడ్డాకు ఒక బలం కూడా ఉంది. సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది. యజమాని నచ్చకపోతే మర్నాడు వెళ్లనక్కర్లేదు. పిల్లకు జ్వరమొస్తే, ఊళ్లో జాతర ఉంటే ఎవరి అనుమతీ అడగకుండా ఆగిపోవచ్చు. రోజు కూలి రేటు కాగితం మీద బాగానే కనిపించడానికి కారణం ఇదే. పని దొరకని రోజుల నష్టాన్ని కూలీ ఆ రేటులోనే రాబట్టుకోవాలి.

ఉదాహరణకు అడ్డా మీద రోజు కూలి 900 రూపాయలు అనుకుందాం. నెలలో 14 రోజులు పని దొరికితే చేతికొచ్చేది 12,600. పక్కనే ఉన్న అపార్ట్‌మెంట్ సైట్‌లో క్యాంపు కూలీకి రోజుకు 600 చొప్పున 26 రోజులు పని ఉంటే అతని లెక్క 15,600. రోజు రేటు చూస్తే అడ్డా కూలీ పైన ఉన్నాడు, నెల లెక్క చూస్తే క్యాంపు కూలీ పైన ఉన్నాడు. "వాళ్లు తక్కువకు చేస్తున్నారు", "మనవాళ్లు ఎక్కువ అడుగుతున్నారు" అనే రెండు ఫిర్యాదులూ ఈ ఒక్క లెక్కలోంచే పుడుతున్నాయి.

క్యాంపు ఎలా నడుస్తుంది

పెద్ద సైట్లకు మనుషులు అడ్డా నుంచి రారు. బిల్డర్ పనిని కాంట్రాక్టర్‌కు ఇస్తాడు. అతను సెంట్రింగ్ ఒకరికి, రాడ్ బెండింగ్ ఒకరికి, ప్లాస్టరింగ్ ఇంకొకరికి గుత్తకు ఇస్తాడు. రాడ్ పనికి టన్నుకు ఇంత, సెంట్రింగ్‌కు, ప్లాస్టరింగ్‌కు అడుగుకు ఇంత అని లెక్క. ఆ గుత్త తీసుకున్న మనిషి బీహార్‌లోనో, ఒడిశాలోనో, బెంగాల్‌లోనో తన ఊరికి ఫోన్ చేస్తాడు. ఫలానా తేదీకి పదిహేను మంది కావాలంటాడు. టికెట్ డబ్బులు, ఇంట్లో ఇచ్చి రావడానికి కొంత అడ్వాన్స్ ముందే పంపుతాడు. వచ్చిన కుర్రాళ్లు సైట్‌లోనే రేకుల గదుల్లో ఉంటారు, వంట కలిసి చేసుకుంటారు. వారం వారం ఖర్చులకు మాత్రం కొంత ఇస్తారు. మిగతాది ఊరెళ్లేటప్పుడు లెక్క.

కిటుకంతా ఈ చివరి మాటలోనే ఉంది. కూలి డబ్బు కాంట్రాక్టర్ దగ్గర నిలవ ఉన్నంతకాలం కూలీ మధ్యలో వెళ్లిపోలేడు, వెళ్తే బకాయి పోతుంది. ఎక్కడైనా పై మెట్టులో బిల్లు ఆగితే ఆ ఆలస్యం మెట్టుమెట్టునా కిందికి దిగి చివరికి కూలీ మీద పడుతుంది. బిల్డర్ "నేను కాంట్రాక్టర్‌కు ఇచ్చేశా" అంటాడు. కాంట్రాక్టర్ సబ్ కాంట్రాక్టర్‌ను చూపిస్తాడు. కూలీకి మాత్రం తనను తీసుకొచ్చిన ఊరి మనిషి ఒక్కడే తెలుసు. సొంతూళ్లో మళ్లీ మొహం చూసుకోవాల్సిన ఆ మనిషిపై కేసు పెట్టడం అంత తేలిక కాదు.

బిల్డర్ వైపు నుంచి చూస్తే క్యాంపుతో లాభాలు స్పష్టం. మనుషులు ఎప్పుడూ సైట్‌లోనే ఉంటారు కాబట్టి రాత్రి కాంక్రీటు లోడు వచ్చినా దింపుకునేవాళ్లు ఉంటారు. పోసిన స్లాబ్‌కు వేళకు నీళ్లు కడతారు. సామాన్లకు కాపలా వేరే అక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్లరు. అయితే దీపావళి తర్వాత ఛఠ్ పూజకు, వసంతంలో హోలీకి బీహార్ వాళ్లు మూకుమ్మడిగా బయల్దేరితే అదే సైట్ పది పదిహేను రోజులు మూగబోతుంది. బిల్డర్లు ఇప్పుడు స్లాబ్ తేదీలు ఆ పండగలు చూసి పెట్టుకుంటున్నారు.

ఎవరి పని ఎవరికి పోయింది

కూలీలు అంత దూరం నుంచి ఎందుకు వస్తున్నారన్న ప్రశ్నకు కూలి రేట్ల తేడాయే మొదటి జవాబు. రిజర్వు బ్యాంకు ప్రచురించిన 2022–23 లెక్కల ప్రకారం గ్రామీణ ప్రాంతాల్లో నిర్మాణ కార్మికుడి సగటు రోజు కూలి దేశం మొత్తంమీద సుమారు 393 రూపాయలు. మధ్యప్రదేశ్‌లో అది 278 దగ్గర ఉంటే కేరళలో 852. కూలి తక్కువున్న రాష్ట్రాల నుంచి ఎక్కువున్న రాష్ట్రాలకు మనుషులు కదులుతారు. విజయవాడ ఆ దారి మధ్యలో ఉన్న పెద్ద జంక్షన్.

ఇక్కడివాళ్లు పూర్తిగా తప్పుకున్నారా అంటే, కొన్ని పనుల నుంచి అవుననే చెప్పాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో రెండు తరాలుగా చదువు పెరిగింది. కూలి కుటుంబాల పిల్లలు కూడా డిగ్రీ చదివి హైదరాబాద్, బెంగళూరు వైపు వెళ్తున్నారు, లేదా ఇక్కడే ఆటో, డెలివరీ, షోరూమ్ పనుల్లో చేరుతున్నారు. తండ్రి తాపీ మేస్త్రి అయినంత మాత్రాన కొడుకు తాపీ పట్టడం లేదు. ఆ ఖాళీలోకి ఒక్కో పనికి ఒక్కో ప్రాంతం వాళ్లు వచ్చారు. మార్బుల్, గ్రానైట్ పనిలో రాజస్థాన్ వాళ్లు, ఫాల్స్ సీలింగ్‌లో బీహార్, ఉత్తరప్రదేశ్ వాళ్లు, బంగారు నగల పనిలో బెంగాలీలు, హోటల్ వంటగదుల్లో ఒడిశా, అస్సాం వాళ్లు కనిపిస్తారు. అపార్ట్‌మెంట్ల కాపలాకు నేపాలీలు వస్తారు. 1950 నాటి భారత్–నేపాల్ ఒప్పందం వల్ల వాళ్లు వీసా లేకుండానే ఇక్కడ ఉండి పని చేసుకోవచ్చు.

పాతికేళ్ల కిందట ఒక అపార్ట్‌మెంట్ కడుతుంటే పునాది నుంచి రంగుల దాకా ఎన్నో పనులకు మేస్త్రి అడ్డాకు వచ్చి మనుషులను తీసుకెళ్లేవాడు. ఇప్పుడు పెద్ద పనంతా గుత్త ముఠాలకు పోతోంది. అడ్డాకు మిగిలింది రిపేర్లు, చిన్న ఇళ్లు, డ్రైనేజీ పనులు, ఇల్లు మారేటప్పుడు సామాను మోత. వీటికి రేటు తక్కువేమీ కాదు, రోజులే తక్కువ. అందుకే 'వలస వల్ల కూలి పడిపోయింది' అనే వాదన నిలవదు. 'వలస వల్ల మాకేం తేడా రాలేదు' అనే మాట అంతకన్నా నిలవదు. నష్టం నెలలో దొరికే రోజుల్లో కనిపిస్తుంది, దాన్ని ఏ రేట్ల పట్టికా పట్టించుకోదు.

ఇంకో సంగతి మరిచిపోకూడదు. అడ్డా మీద 'స్థానికులు' అనుకునేవాళ్లలో చాలామంది ఒకప్పుడు వలస వచ్చినవాళ్లే. శ్రీకాకుళం, విజయనగరం నుంచి, ప్రకాశం మెట్ట ప్రాంతం నుంచి, పల్నాడు పల్లెల నుంచి వచ్చి సింగ్‌నగర్, చిట్టినగర్ లాంటి చోట్ల స్థిరపడ్డారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు ముంచెత్తింది ఎక్కువగా ఇలాంటి కాలనీలనే. ఇళ్లల్లో నీళ్లు నిలిచిన ఆ రోజుల్లో సామాన్లతో పాటు పనిముట్లు పాడయ్యాయి, కూలి పోయింది. పరిహారం ఇంట్లో పోయినదానికి లెక్క కట్టింది. పోయిన పనిరోజులకు లెక్క కట్టే పద్ధతే లేదు.

అమరావతి 29 గ్రామాల్లో కథ మరోలా ఉంది. 2015లో భూ సమీకరణ జరిగినప్పుడు భూమి ఇచ్చిన రైతుకు కౌలు, ప్లాటు దక్కాయి. అదే భూమిలో అరటి, కూరగాయలు, పూల తోటల్లో ఏడాది పొడవునా కూలి చేసిన కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు, తర్వాత దాన్ని 5,000కు పెంచారు. తోట పనిలో చెయ్యి తిరిగిన ఆడవాళ్లకు సెంట్రింగ్ ముఠాలో చోటు దొరకదు. రాజధాని పనులు ఆగిన 2019–24 మధ్య తోటలూ లేవు, సైట్లూ లేవు. ఇప్పుడు సైట్లు తెరుచుకున్నా వాటిలో ముందు నిండేది బయటి నుంచి వచ్చిన ముఠాలే. ఆ ఊళ్ల కూలీల అసంతృప్తిని బీహారీల మీద కోపంగా మాత్రమే చూస్తే అసలు కారణం మరుగున పడుతుంది.

మిర్చి కోతలు: సొంత రాష్ట్రంలోనే వలస

గుంటూరు, పల్నాడు మిర్చి చేలల్లో వలస అంటే బీహార్ గుర్తుకు రాదు, కర్నూలు గుర్తుకొస్తుంది. కోసిగి, మంత్రాలయం, కౌతాళం, పెద్దకడబూరు మండలాల నుంచి ఊళ్లకు ఊళ్లే 'సుగ్గి'కి, అంటే కోతల కాలపు వలసకు బయల్దేరతాయి. అక్కడ వర్షాధారపు సేద్యం. ఖరీఫ్ పంట చేతికొచ్చాక చేలో పని ఉండదు. ముందు పత్తి తీతకు, సంక్రాంతి దాటాక మిర్చి కోతలకు వస్తారు. తిండిగింజలు, వంటపాత్రలు, పిల్లలు, ఒక్కోసారి మేకలతో సహా వచ్చి చేల గట్ల మీద, ఊరి చివర పట్టాలతో గుడారాలు వేసుకుని రెండు మూడు నెలలు ఉంటారు.

మిర్చి ఒక్కసారిగా కోసే పంట కాదు. కాయ పండేకొద్దీ విడతలుగా కోయాలి. తేజ రకం కాయ సన్నగా ఉంటుంది కాబట్టి ఎంత చురుగ్గా కోసినా బరువు తూగదు. కిలోల లెక్కన కూలి మాట్లాడుకుంటే తొలి కోతల్లో, కాయ నిండుగా ఉన్నప్పుడు కూలీకి గిట్టుబాటు అవుతుంది. చివరి కోతకు వచ్చేసరికి చెట్టుకు పది కాయలు వెతుక్కోవాలి. అప్పుడు కూలీలు రోజు లెక్క అడుగుతారు, రైతు కిలో లెక్కే అంటాడు. కోసిన కాయను కళ్లంలో ఆరబెట్టి, తాలు ఏరి, టిక్కీలకు (మిర్చి బస్తాలకు) తొక్కే దాకా ఎక్కువ పని ఆడవాళ్లదే. ఆ ఘాటుకు చేతులు మండుతాయి, తుమ్ములు, దగ్గు ఆగవు. చాలామందికి ముక్కుకు చుట్టుకున్న చీర కొంగే మాస్కు.

ధర పడితే ఈ గొలుసు మొత్తం కదులుతుంది. 2025 మొదట్లో గుంటూరు యార్డులో మిర్చి ధర బాగా పడిపోయింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. మిర్చి సాగు ఖర్చులో కోత కూలి పెద్ద వాటా. ధర పడిన ఏడాది రైతు ఆఖరి కోత మానేస్తాడు, మరుసటి ఏడాది వేసే ఎకరాలు తగ్గిస్తాడు. ఆ దెబ్బ మొదట తగిలేది మూడు వందల కిలోమీటర్ల అవతల, సుగ్గి డబ్బు మీద అప్పు తీర్చాలనుకున్న కోసిగి కుటుంబానికి. మద్దతు ధర పథకాలు పంటను చూస్తాయి, కోసే మనిషి పోగొట్టుకున్న వారాలను చూడవు.

పిల్లల చదువు ఇంకో నష్టం. సుగ్గి కాలం, బడి కాలం ఒకటే. సొంతూళ్లో సీజనల్ హాస్టల్ ఉన్నచోట పిల్లలు ఆగుతారు. లేనిచోట పెద్దపిల్ల చెల్లినో తమ్ముడినో ఎత్తుకుని గుడారం దగ్గర ఉంటుంది. పరీక్షల నాటికి తిరిగి వెళ్లినా బడిలో వెనకబడిపోయి ఉంటుంది.

ప్రయాణం కూడా ప్రమాదమే. ట్రాక్టర్లలో, సరుకు ఆటోల్లో కిక్కిరిసి చేలకు వెళ్లడం ఈ ప్రాంతంలో మామూలు. 2023 మే నెలలో పల్నాడు జిల్లా పొందుగల దగ్గర లారీ ఢీకొని, నల్గొండ జిల్లా నుంచి ఆటోలో పనికి వస్తున్న మహిళా కూలీలు చనిపోయారు. ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తుంది. చట్టప్రకారం యజమాని ఇవ్వాల్సిన పరిహారం మాట వచ్చేసరికి ఆ రోజు ఎవరి చేలో కోతకు వెళ్తున్నారో, మాట్లాడింది రైతా మేస్త్రినా అన్న దగ్గరే కేసు ఆగిపోతుంది. సామాజిక భద్రతా కోడ్ ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పరిహారం పరిధిలోకి తెచ్చింది. యజమాని ఎవరో చూపలేని కూలీకి ఆ మేలు ఎలా అందుతుందన్నది అలాగే ఉంది.

పని ఆగిన రోజు

ఈ బజారు ఎంత పలుచని ఆధారం మీద నిలబడిందో 2019లో తెలిసింది. ఇసుక పాలసీ మార్పుతో ఆ ఏడాది ఇసుక సరఫరా నెలల తరబడి ఆగింది. సిమెంటు ఉంది, కట్టించుకునేవాళ్లు ఉన్నారు, కూలీలు ఉన్నారు. కృష్ణా నది పక్కనే ఉన్నా ఇసుక లేక అడ్డాలు ఖాళీ అయ్యాయి. ఆ శరదృతువులో గుంటూరు జిల్లాలో భవన కార్మికుల ఆత్మహత్యలు వార్తల్లోకి వచ్చాయి. పాలసీ మార్పుకు పట్టే మూడు నాలుగు నెలలు ప్రభుత్వానికి చిన్న కాలం. పదిహేను రోజుల బియ్యం మాత్రమే ఇంట్లో ఉన్న కుటుంబానికి అది దాటలేని కాలం.

ఆరు నెలలు తిరక్కుండానే 2020 మార్చి లాక్‌డౌన్ వచ్చింది. చెన్నై–కోల్‌కతా హైవే మీద, తాడేపల్లి, విజయవాడ మీదుగా వేలమంది కాలినడకన, సైకిళ్ల మీద ఉత్తరానికి వెళ్లారు. దారిలో తిండి, నీళ్లు, వైద్యం ఏర్పాటు చేయాలని ఆ మే నెలలో రాష్ట్ర హైకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. దేశంలో వలస కూలీలు ఎందరో, ఎక్కడెక్కడ ఉన్నారో చెప్పే జాబితా ప్రభుత్వాల దగ్గర లేదని అప్పుడే బయటపడింది. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసేందుకు 2021 ఆగస్టు 26న మొదలైన ఈ–శ్రమ్ పోర్టల్ దాని ఫలితమే. దేశవ్యాప్తంగా 30 కోట్ల మందికి పైగా అందులో నమోదయ్యారు.

చట్టం ఎక్కడ పట్టు తప్పుతోంది

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. ఒడిశాలో దళారులు అడ్వాన్స్ ఇచ్చి కూలీలను తీసుకెళ్లే 'దాదన్' పద్ధతిలోని దోపిడీని అరికట్టడం దాని ఉద్దేశం. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన కూలీలు అయిదుగురు, అంతకుమించి ఉంటే అది వర్తించేది. ప్రయాణ భత్యం, స్థానచలన భత్యం ఇవ్వాలని చెప్పింది. కానీ తనంతట తాను రైలెక్కి వచ్చిన మనిషి ఆ నిర్వచనంలోకి రాడు.

దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఈ లోపాన్ని సరిదిద్దింది. సొంతంగా వచ్చి ఇక్కడ పనిలో చేరినవాళ్లను కూడా వలస కార్మికులుగా గుర్తించింది. ఏడాదికోసారి ఊరెళ్లి రావడానికి ప్రయాణ ఖర్చు యజమాని ఇవ్వాలంది. మరోవైపు అయిదుగురి పరిమితిని పదికి పెంచింది, స్థానచలన భత్యాన్ని తీసేసింది. ఫాల్స్ సీలింగ్ ముఠాలో ఆరుగురో ఎనిమిది మందో ఉంటారు. వాళ్లు పాత చట్టంలో ఉన్నారు, కొత్తదానిలో లేరు.

వేతనాల కోడ్ దారి నయం. కనీస వేతనం కొన్ని వృత్తులకే కాకుండా అందరికీ వర్తిస్తుందని అది చెబుతోంది. రోజు కూలీకి ఆ రోజు పని ముగియగానే, వారం లెక్క ఉంటే వారం చివరి పనిరోజున డబ్బు ఇవ్వాలి. క్యాంపుల్లో 'ఊరెళ్లేటప్పుడు లెక్క' అనే పద్ధతి దీనికి నేరుగా విరుద్ధం. ఈ నిబంధన ఒక్కటి గట్టిగా అమలైనా కాంట్రాక్టర్ చేతిలోని అతిపెద్ద పట్టు సడలుతుంది. కూలీకి చేయి మారిన నగదే తప్ప కాగితం లేనప్పుడు తనిఖీకి వచ్చిన అధికారి ఏం చూస్తారన్నది మాత్రం ఇంకా మిగిలే ఉంది.

అసలు చిక్కు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధిలో ఉంది. 1996 చట్టంతో మొదలైన పద్ధతి ప్రకారం నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు వసూలు చేసి ఆ డబ్బుతో కార్మికులకు ప్రసూతి సాయం, ప్రమాద సాయం వంటివి ఇవ్వాలి. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్లు అర్హులు. ఆ 90 రోజులకు రుజువు కావాలి. ఏడాదిలో నలభై మంది దగ్గర పని చేసిన అడ్డా కూలీకి ఎవరు సంతకం పెడతారు? సంఘంలో ఉన్నవాడికి సంఘం ఇస్తుంది. సంఘం తెలియని, తెలుగు రాని, ఆరు నెలల్లో వేరే ఊరు వెళ్లిపోయే కుర్రాడికి ఎవరూ లేరు. ఫలితంగా డబ్బు ఒకచోట పోగుపడుతుంది, మనిషి ఇంకోచోట ఉంటాడు. దేశవ్యాప్తంగా ఈ సెస్సు ఖర్చు కాకుండా మిగిలిపోవడాన్ని సుప్రీంకోర్టు 2018లో తీవ్రంగా తప్పుపట్టింది.

కొత్త సామాజిక భద్రతా కోడ్ 90 రోజుల షరతును అలాగే ఉంచింది. సొంత నివాసానికి కట్టుకునే ఇంటికి సెస్సు మినహాయింపును మాత్రం 10 లక్షల నుంచి 50 లక్షల రూపాయలకు పెంచింది. మధ్యతరగతి ఇంటి యజమానికి ఇది ఊరట. కానీ అడ్డా కూలీకి మిగిలిన ప్రధానమైన పని ఇలాంటి ఇళ్లే. ఆ ఇళ్లు నిర్మాణ పని నిర్వచనం నుంచే తప్పుకుంటే అక్కడ చేసిన రోజులు 90 రోజుల్లో కలుస్తాయా అనే ప్రశ్న వస్తుంది. దీనిపై స్పష్టత రాకపోతే అడ్డా కూలీ నిధికి మరింత దూరమవుతాడు.

సాఫీగా అందుతున్నవేవో చూస్తే తేడా తెలుస్తుంది. ఒకే దేశం ఒకే రేషన్ విధానం కింద కార్డు ఏ రాష్ట్రానిదైనా వేలిముద్రతో బియ్యం తీసుకోవచ్చు. 2019 ఆగస్టులో తొలిసారి రాష్ట్రం దాటి రేషన్ ఇచ్చిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలిస్తే భోజనం పెడతారు, ఏ ఊరని అడగరు. ఈ రెండింటికీ యజమాని సంతకం అక్కర్లేదు.

వేరేచోట్ల ఏం చేశారు

మహారాష్ట్ర 1969లోనే హమాలీల కోసం మాథాడీ చట్టం తెచ్చింది. సరుకు ఎత్తించుకున్న వ్యాపారి కూలితో పాటు దానిపై కొంత శాతం లెవీని బోర్డుకు కడతాడు. బోర్డు కూలీకి కూలి ఇస్తుంది, లెవీతో పీఎఫ్, బోనస్, వైద్యం చూస్తుంది. ఒక కూలీ వారంలో అయిదుగురు వ్యాపారుల దగ్గర చేసినా అతని లెక్క ఒకేచోట ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డుకు ఇది బాగా సరిపోయే నమూనా. అక్కడికి వచ్చే ప్రతి టిక్కీ లెక్కలోకి ఎక్కుతుంది. హమాలీలకు సంఘాలు, ఒప్పుకున్న రేట్లు ఉన్నాయి. యార్డు బయట తొడిమలు తీసే ఆడకూలీలకు అవేవీ లేవు. టిక్కీ మీద చిన్న లెవీ వేస్తే ఆ లెక్కలోకి వాళ్లనూ తీసుకురావచ్చు.

కేరళ 2010లో వలస కార్మికుల సంక్షేమ పథకం, 2017లో 'ఆవాజ్' ఆరోగ్య బీమా తెచ్చింది. పాలక్కాడ్ దగ్గర 'అప్నా ఘర్' పేరుతో అద్దె వసతి కట్టింది. అక్కడ కూలి ఎక్కువ, సంఘాలు బలమైనవి. అయినా పథకాల్లో చేరేవాళ్ల కంటే చేరకుండా వెళ్లిపోయేవాళ్ల సమస్య వాళ్లకూ ఉంది.

మన పిల్లలు ఎక్కువగా వెళ్లే అమెరికాలోనూ అడ్డాలున్నాయి. పెద్ద హార్డ్‌వేర్ స్టోర్ల పార్కింగ్ దగ్గర మెక్సికో, మధ్య అమెరికా నుంచి వచ్చినవాళ్లు పొద్దున్నే నిలబడతారు. 2006లో వెలువడిన జాతీయ సర్వే ఏ ఒక్క రోజు చూసినా అక్కడ సుమారు 1,17,600 మంది ఇలా పని వెతుక్కుంటున్నారని అంచనా వేసింది. వారిలో దాదాపు సగం మందికి అంతకుముందు రెండు నెలల్లో కనీసం ఒక్కసారైనా కూలి ఎగ్గొట్టారు. కొన్ని నగరాల్లో దీనికి విరుగుడుగా కార్మిక కేంద్రాలు వచ్చాయి. కూర్చోవడానికి చోటు, మరుగుదొడ్డి ఉంటాయి. వరుస పద్ధతిలో పని పంచుతారు. అంతకంటే తక్కువకు ఎవరూ వెళ్లకూడదని ఒక రేటు పెట్టుకుంటారు. తీసుకెళ్లే యజమాని పేరు, బండి నంబర్ రాసుకుంటారు. చట్టం మార్చకుండానే పొద్దుటి బేరంలో కూలీ చేయి కొంత పైకి వచ్చింది.

ఇక్కడ ఏం జరగొచ్చు

అమరావతి పనులు ఇదే వేగంతో సాగితే క్యాంపుల సంఖ్య పెరుగుతుంది. పెద్ద కంపెనీల సైట్లలో హాజరు, బ్యాంకు చెల్లింపు, వైద్య పరీక్షలు కొంతవరకు అమలవుతాయి. అక్కడ తనిఖీ చేయడానికి ఒక గేటు, ఒక రిజిస్టర్ ఉంటాయి. సబ్ కాంట్రాక్టర్ కింద ఉన్న చిన్న ముఠాల దగ్గర ఆ రిజిస్టర్ ఉండదు, బకాయిల తగాదాలు ఎక్కువగా అక్కడే పుడతాయి. రాజధాని మొదటి దశ ముగిసే నాటికి కొంతమంది ఊరెళ్లకుండా విజయవాడలోనే ఉండిపోతారు. ఏ నిర్మాణ నగరంలోనైనా జరిగేది అదే. అప్పుడు హిందీ మాట్లాడేవాళ్లు కూడా అడ్డా మీదికి వస్తారు. ఇప్పటిదాకా వేర్వేరుగా ఉన్న రెండు బజార్లు కలిసిపోతాయి. రేటు మీద అసలు పోటీ మొదలయ్యేది అప్పుడే. దానికి ముందే అడ్డాల దగ్గర నీడ, మరుగుదొడ్డి, పేరు రాసుకునే ఒక కౌంటర్ ఏర్పాటు చేయడం నగరపాలక సంస్థలకు మోయలేని ఖర్చేం కాదు.

90 రోజుల రుజువు సమస్యకు కూడా దారి ఉంది. నగరాల్లో ఇళ్లకు ప్లాన్ అనుమతి ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు, దానికో నంబర్ ఉంటుంది. ఈ–శ్రమ్‌లో చేరిన కూలీకి ఒక నంబర్ ఉంటుంది. ఆ రోజు ఆ ప్లాన్ నంబర్ మీద ఈ మనిషి పని చేశాడని ఇంటి యజమానో మేస్త్రో ఫోన్‌లో నమోదు చేస్తే చాలు, నలభై మంది యజమానుల సంతకాలు అక్కర్లేదు. సెస్సు మినహాయింపు ఉన్న ఇళ్లకు కూడా ఈ నమోదును తప్పనిసరి చేయవచ్చు, యజమానికి రూపాయి భారం పడదు. నిర్మాణం పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు ఈ హాజరును ముడిపెడితే యజమానులు నమోదు చేయకుండా వదిలేసే అవకాశం కూడా తగ్గుతుంది.